సముద్రంలో కేబుల్ దించకముందే ఖర్చు లెక్క తేల్చండి

కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి అధ్యక్షులకు, సభ్యులకు,
కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ అధికారులకు,

నమస్కారం.

విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. సముద్రంలో గాలిమరలు నిలబెట్టి, ఆ కరెంటును ఒడ్డుకు తెచ్చే పనికి దేశం సిద్ధమవుతోంది. మంచి పని, జరగాల్సిన పని. నేను అడిగేది ఒక్కటే. నీళ్లలో వేసే కేబుళ్లు, కట్టే సబ్‌స్టేషన్లు ఎవరివి, ఎవరెవరు వాడుకోవచ్చు, ఖర్చులో ఎవరి వాటా ఎంత, చెడిపోతే నష్టం ఎవరిది అన్నవి మొదటి కేబుల్ దిగకముందే తేలాలి. తీరం జనం ముందు, బహిరంగ విచారణలో తేలాలి.

ఇప్పటిదాకా జరిగింది మీకు తెలిసిందే. 2015లో జాతీయ ఆఫ్‌షోర్ విండ్ (సముద్రపు గాలి విద్యుత్) విధానం వచ్చింది. 2018లో 2030 నాటికి 30 గిగావాట్లని లక్ష్యం పెట్టుకున్నారు. 2023లో సముద్రగర్భాన్ని లీజుకిచ్చే నిబంధనలు వచ్చాయి. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 7,453 కోట్ల రూపాయల వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ పథకాన్ని, అంటే గిట్టుబాటు కాని ఖర్చులో కొంత ప్రభుత్వమే భరించే ఏర్పాటును, ఆమోదించింది. గుజరాత్ తీరంలో 500 మెగావాట్లు, తమిళనాడు తీరంలో 500 మెగావాట్లు. సముద్రంలో సబ్‌స్టేషన్లతో సహా కరెంటును ఒడ్డుకు చేర్చే ఏర్పాట్లన్నీ కేంద్ర ప్రభుత్వ ట్రాన్స్‌మిషన్ సంస్థ పవర్‌గ్రిడ్ చేస్తుందని అందులోనే చెప్పారు. మా ఆంధ్ర తీరం పేరు అందులో లేదు. మా దగ్గర ఒడ్డు నుంచి కొంత దూరం పోగానే లోతు పెరిగిపోతుంది. పునాది దింపి నిలబెట్టే మరలకు అంత అనువు కాదు. తేలే మరలు చౌకయ్యాక మా వంతు వస్తుందేమో.

మరి విశాఖవాళ్లకు ఇప్పుడే ఏం తొందర అని మీరు అడగవచ్చు. అంతర్రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ ఖర్చును మీ 2020 షేరింగ్ నిబంధనల ప్రకారం అన్ని రాష్ట్రాలూ పంచుకుంటాయి. అందులో జాతీయ భాగం అందరి మీదా పడుతుంది. పైగా 2032 డిసెంబరు 31లోపు మొదలయ్యే ఆఫ్‌షోర్ విండ్ ప్రాజెక్టులకు ఆ చార్జీల నుంచి మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు ఇచ్చినంత మాత్రాన ఖర్చు ఎక్కడికీ పోదు. వాళ్లు కట్టనిది మిగతావాళ్లు కడతారు. ఖంభాత్ సింధుశాఖలో దిగే కేబుల్‌కు గాజువాకలో ఫ్యాను వేసుకునే మనిషి కూడా ఎంతో కొంత కడతాడు. కట్టవద్దని నేను అనడం లేదు. ఎంత, ఎందుకు, ఎన్నేళ్లు అన్నది ముందే చెప్పమంటున్నాను.

ఎందుకంత పట్టుగా అడుగుతున్నానో మా కరెంటు బిల్లు చూస్తే తెలుస్తుంది. వాడిన యూనిట్ల సొమ్ము, ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, విద్యుత్ సుంకం అయ్యాక సర్దుబాటు అని, ట్రూ అప్ (అనుమతించిన దానికి మించి అయిన ఖర్చును తర్వాత రాబట్టడం) అని ఇంకొన్ని వరుసలు ఉంటాయి. 2014-19 మధ్య అయిన ఖర్చుకు ట్రూ అప్ 2022 నుంచి వసూలు చేశారు. ఆ వసూలు సర్వీసు నంబరు మీద వచ్చింది. కాబట్టి ఆ ఏళ్లలో ఆ ఇంట్లో ఎవరున్నారన్న దానితో పని లేకుండా, వసూలు నాటికి అద్దెకున్నవాళ్లు కట్టాల్సి వచ్చింది. 2023 నుంచి నెలనెలా ఇంధన సర్దుబాటు యూనిట్‌కు 40 పైసల దాకా పడింది. ఇదంతా రూల్స్ ప్రకారమే జరిగింది. కానీ ముందు ఖర్చు చేసేసి తర్వాత పంచే పద్ధతికి అలవాటు పడితే, వేల కోట్ల సముద్రపు కేబుళ్ల దగ్గరా అదే జరుగుతుంది.

నేను పనిచేసినన్నాళ్లూ ట్రాన్స్‌మిషన్‌లోనే ఉన్నాను. రెండు గ్రిడ్లు ఒక ఆస్తిని పంచుకుంటే ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే విదేశాలకు పోనక్కర్లేదు, గాజువాక వస్తే చాలు. ఇక్కడ హెచ్‌వీడీసీ (హై వోల్టేజి డీసీ) బ్యాక్-టు-బ్యాక్ స్టేషన్ ఉంది. ఒడిశాలోని జయపురం వైపు నుంచి 400 కేవీ లైన్ల మీద వచ్చిన ఏసీ కరెంటును ఇక్కడ డీసీగా మార్చి, అదే ఆవరణలో మళ్లీ ఏసీ చేసి దక్షిణాది గ్రిడ్‌లోకి వదులుతారు. 1999లో 500 మెగావాట్లతో మొదలైంది, 2005లో మరో 500 చేరింది. అప్పట్లో దక్షిణాది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ వేరు, అవతలి వైపు వేరు. నేరుగా కలిపే వీల్లేదు కాబట్టే ఈ ఏర్పాటు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలినా దక్షిణాది చెక్కుచెదరలేదు. అవతలి గ్రిడ్‌తో ఉన్న పెద్ద లింకులు డీసీవి కావడమే దానికి కారణం.

అయితే ఆ రక్షణకు మేం ధర కూడా కట్టాం. లింకుల సామర్థ్యం చాలక పవర్ ఎక్స్ఛేంజిలో, అంటే కరెంటు కొని అమ్మే మార్కెట్‌లో, దక్షిణాది రేటు ఏళ్ల తరబడి మిగతా దేశం కంటే బాగా ఎక్కువ పలికింది. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైనుతో రెండు గ్రిడ్లూ కలిశాయి. ఆ తర్వాత మరిన్ని లైన్లు వస్తే గానీ ఆ తేడా తగ్గలేదు. మీ 2020 నిబంధనలు బ్యాక్-టు-బ్యాక్ స్టేషన్ల ఖర్చు మొత్తాన్ని జాతీయ భాగంలో చేర్చాయి. అంటే గాజువాక స్టేషన్ ఖర్చులో ఇవాళ పంజాబ్‌కూ వాటా ఉంది, గుజరాత్‌కూ ఉంది. అది న్యాయమేనని నా అభిప్రాయం, ఎందుకంటే లాభం రెండు వైపులా ఉంది. కాకపోతే లెక్క ఆ రూపానికి రావడానికి రెండు దశాబ్దాలు పట్టింది. సముద్రంలో అంత కాలం ఆగలేం.

గాజువాక లాంటిదే జర్మనీలో రోస్టోక్ దగ్గర బెంట్‌విష్ అనే ఊళ్లో ఉంది. అక్కడా బ్యాక్-టు-బ్యాక్ కన్వర్టరే. దాని వెనక కథ మాత్రం మనం శ్రద్ధగా చదవాల్సినది. బాల్టిక్ సముద్రంలో డెన్మార్క్ వాళ్ల క్రీగర్స్ ఫ్లాక్ విండ్‌ఫార్మ్, జర్మనీ వాళ్ల బాల్టిక్ 2 విండ్‌ఫార్మ్ ముప్పై కిలోమీటర్ల లోపు దూరంలోనే ఉన్నాయి. ఎవరి కేబుల్ వాళ్ల ఒడ్డుకు ఎలాగూ ఉంది. ఆ రెండు ఫార్మ్‌ల మధ్య నీళ్లలోనే కేబుళ్లు వేసి కలిపితే చాలు, గాలి ఉన్నప్పుడు మరల కరెంటు, లేనప్పుడు రెండు దేశాల మధ్య వ్యాపారం, రెండూ ఒకే కేబుల్ మీద నడుస్తాయి. 2020లో 400 మెగావాట్ల సామర్థ్యంతో అది మొదలైంది. డెన్మార్క్ తూర్పు భాగం నార్డిక్ గ్రిడ్‌లో, జర్మనీ ఖండపు గ్రిడ్‌లో ఉన్నాయి కాబట్టే బెంట్‌విష్‌లో కన్వర్టర్ పెట్టాల్సి వచ్చింది. మొదట స్వీడన్ కూడా కలుస్తానని తర్వాత తప్పుకుంది. ఇంజినీర్లు తమ పని చేసేశారు గానీ చిక్కు రూల్ బుక్ దగ్గర వచ్చింది. దేశాల మధ్య లైన్ల సామర్థ్యంలో కనీసం 70 శాతం వ్యాపారానికి వదలాలని ఐరోపా సమాఖ్య నిబంధన. ఈ కేబుల్ మీద ముందు మరల కరెంటు పోవాలి, మిగిలిందే వ్యాపారానికి. నిబంధన అతకలేదు. చివరికి యూరోపియన్ కమిషన్ ప్రత్యేక మినహాయింపు ఇస్తే గానీ పని జరగలేదు. అంటే విడివిడి వస్తువుల కోసం రాసిన రూల్స్ ఉమ్మడి ఆస్తికి సరిపోలేదు.

మన దగ్గరా అదే ప్రశ్న వస్తుంది. సముద్రంలో ఉన్న ఉమ్మడి సబ్‌స్టేషన్ ఏ ధరల ప్రాంతం కిందికి వస్తుంది? ఎక్స్ఛేంజిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక ఎస్1 అనే ధరల ప్రాంతంలో ఉన్నాయి, తమిళనాడు ఎస్2లో ఉంది. రేపు ఒకే సబ్‌స్టేషన్ నుంచి ఒక కేబుల్ తమిళనాడుకు, ఇంకొకటి మరో చోటికి పోతే, మరల యజమానికి ఎక్కడి ధర ఇవ్వాలి? దానికి వేరే ప్రాంతంగా పేరు పెడితే లైన్లలో ఇరుకు ఏర్పడినప్పుడు (పంపాల్సినంత కరెంటు పట్టనప్పుడు) అతనికి తక్కువ ధర వస్తుంది, తేడా డబ్బు మిగులుతుంది. ఇప్పుడు అలాంటి డబ్బు విద్యుత్ వ్యవస్థ అభివృద్ధి నిధికి పోతోంది. సముద్రపు కేబుళ్ల విషయంలో ఆ డబ్బును ఆ కేబుల్ ఖర్చులోనే తగ్గించాలని, అంటే వినియోగదారుడికే తిరిగి చేరాలని నా విన్నపం. మర కట్టేవాడు బ్యాంకులో అప్పు తెచ్చుకునేది ఈ ధరను చూపించే కాబట్టి ముందే తేల్చకపోతే అతనికీ టెన్షనే. రిస్కు ఎక్కువ కనిపిస్తే వడ్డీ పెరుగుతుంది, ఆ వడ్డీ చివరికి టారిఫ్‌లో కలుస్తుంది.

ఉమ్మడి ప్లాను లేకపోతే ఏమవుతుందో బ్రిటన్ చూపించింది. అక్కడ 2009 నుంచి ఒక్కో విండ్‌ఫార్మ్‌కు ఒక్కో కేబుల్ పద్ధతి నడిచింది. ఒక్కొక్కటిగా చూస్తే చవకే. కానీ నార్ఫోక్, సఫోక్ జిల్లాల్లో ప్రతి కంపెనీ వేరే కందకం తవ్వింది, వేరే సబ్‌స్టేషన్ అడిగింది. ఊళ్లవాళ్లు తిరగబడ్డారు. నార్ఫోక్ వాన్‌గార్డ్ అనే ప్రాజెక్టు అనుమతిని 2021లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. ఒకే ఊరి దగ్గర రెండు ప్రాజెక్టుల సబ్‌స్టేషన్లు కలిస్తే పడే ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోలేదన్నది కారణం. మరుసటి ఏడాది మళ్లీ అనుమతి వచ్చింది గానీ ఏడాది కాలం పోయింది. ఉమ్మడిగా ప్లాన్ చేస్తే 2050 నాటికి దాదాపు 600 కోట్ల పౌండ్లు మిగులుతాయని అక్కడి గ్రిడ్ ఆపరేటరే 2020లో లెక్క తేల్చింది. 2022లో మొత్తం తీరానికి కలిపి ఒక డిజైన్ తయారుచేసింది. అప్పటికే చాలా కేబుళ్లు పడిపోయాయి. మనకింకా ఒక్కటీ పడలేదు. ఈ ఆలస్యం మనకు కలిసొచ్చింది.

ఉమ్మడి అంటే మొదటివాడు పెద్ద కేబుల్ వేయాలి, తర్వాతివాడు దాన్ని వాడుకోవాలి. తర్వాతివాడు రాకపోతే? ఇక్కడే అన్ని బేరాలూ ఆగిపోతాయి. అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఖర్చు గొడవ అందరూ చూసిందే. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు మేం ఎక్కమంటారు, పై ఫ్లోర్ అమ్ముడుపోక ఖాళీగా ఉంటుంది, మధ్యలో ఉన్న నాలుగు కుటుంబాల మీద భారం పడుతుంది. ఆ గొడవ తీరేది రిజిస్ట్రేషన్‌కు ముందే బైలాల్లో రాసుకున్న చోట మాత్రమే. మీ నిబంధనల్లోనూ అదే రాయండి. అదనపు సామర్థ్యం కోసం పెట్టిన ముందస్తు పెట్టుబడిలో వినియోగదారుల మీద వేసేదానికి ఒక గరిష్ఠ పరిమితి ఉండాలి, మిగతా రిస్కు రెండో విడత లీజు తీసుకునేవాళ్లు బ్యాంకు గ్యారంటీతో భరించాలి. రాష్ట్రాల వాటా లాభాన్ని బట్టి ఉండాలి. ఏ రాష్ట్రానికి ఎంత లాభమని లెక్కగట్టారో ఆ పట్టిక ప్రాజెక్టు ఆమోదానికి ముందే బయటపెట్టాలి.

నష్టం ఎవరిదన్న మాట ఇంకా కష్టమైనది. 2013 ఆగస్టులో జర్మనీలో బోర్కుం దీవి దగ్గర రిఫ్‌గాట్ విండ్‌ఫార్మ్ 30 మరలతో సిద్ధమైంది. ఒడ్డుకు కేబుల్ మాత్రం లేదు. కేబుల్ దారిలో రెండో ప్రపంచ యుద్ధం నాటి మందుగుండు బయటపడి పని ఆగింది. ఊరికే నిలబడితే ఉప్పుగాలికి పాడవుతాయని ఆ మరలను నడపడానికి డీజిల్ జనరేటర్లు పెట్టారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో గానీ కేబుల్ కలవలేదు. ఇలాంటి ఆలస్యాల పరిహారం కోసం అక్కడి బిల్లుల్లో 2013 నుంచి లెవీ వేశారు. ఆస్ట్రేలియాలో టాస్మానియాను ప్రధాన భూభాగంతో కలిపే బాస్‌లింక్ కేబుల్ 2015 డిసెంబరులో తెగి 2016 జూన్ దాకా బాగుపడలేదు. ఆ అర్ధ సంవత్సరం ఆ రాష్ట్రం డీజిల్ జనరేటర్లు తెచ్చుకుని గడిపింది. భూమి మీద టవర్ కూలితే వారంలో తాత్కాలిక టవర్ నిలబెడతాం. సముద్రంలో తెగిన చోటు వెతకాలి, కేబుల్ ఓడ రావాలి, వాతావరణం అనుకూలించాలి. ఆ ఓడ, ఆ స్పేర్ కేబుల్ ఒక్కో కంపెనీ విడిగా ఉంచుకోలేదు. తూర్పు తీరానికంతా కలిపి ఒకటి ఉండాలి. దానికి మా పోర్టు కంటే మంచి చోటు ఉందని నేననుకోను.

ఇక తుఫాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరం మీద తీరం దాటింది. స్తంభాలు వరుసకు వరుస పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ల మోటార్లు లేవు, ఫోన్లు లేవు. ఆ తర్వాతే ప్రపంచబ్యాంకు సాయంతో నగరంలో భూగర్భ కేబుళ్లు వేశారు. కాంట్రాక్టుల్లో తుఫానును దైవఘటన అని రాసి, నష్టమంతా వినియోగదారుడి మీద తోసేయడం సులువు. బంగాళాఖాతంలో తుఫాను అనుకోని సంఘటన కాదు, ఏటా ఎదురుచూసేదే. కాబట్టి ఏ గాలి వేగం దాకా తట్టుకోవడం యజమాని బాధ్యతో నిబంధనల్లో అంకె వేసి రాయండి. ఆ అంకె దాటితేనే దైవఘటన.

మా తీరం మీద కరెంటు అవసరం ఎంత వేగంగా పెరుగుతోందో మీ దగ్గర లెక్కలున్నాయి. పూడిమడకలో హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. అదే ఏడాది అక్టోబరులో విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా కేంద్రాన్ని గూగుల్ ప్రకటించింది. వాటితో పాటు సముద్రం కింద ఇంటర్నెట్ కేబుళ్లు వస్తాయి. ఫ్యాక్టరీల పైపులైన్లు ఇప్పటికే ఉన్నాయి. ఇంకోవైపు బంగాళాఖాత ప్రాంతపు బిమ్‌స్టెక్ కూటమి దేశాలు 2018లోనే గ్రిడ్లు కలుపుకోవడానికి ఒప్పందం రాసుకున్నాయి. ఇవన్నీ ఒకే ఇసుక మీద, ఒకే నీళ్ల కింద నుంచి పోవాలి. ఎవరికి వాళ్లు వచ్చి ఒడ్డు ఎక్కితే భీమిలి నుంచి పూడిమడక దాకా తవ్వని చోటు మిగలదు. ఏ కేబుల్ ఎక్కడ ఒడ్డెక్కాలో ముప్పై ఏళ్ల అవసరానికి సరిపోయే మ్యాపు ఇప్పుడే గీయాలి.

ఆ మ్యాపు గీసేటప్పుడు ఫిషింగ్ హార్బర్‌కు రండి. అక్కడ ఏ మరపడవ సరంగునైనా అడగండి, అడుగున ఏదైనా తగిలితే ఏమవుతుందో చెబుతాడు. ట్రాల్ వల నోరు తెరిచి ఉంచడానికి రెండు పక్కలా బరువైన బోర్డులు కడతారు. బోటు ముందుకు పోతుంటే అవి అడుగు మట్టిని గీరుకుంటూ వస్తాయి. కేబుల్‌ను మీటరో రెండు మీటర్లో లోతున పాతితే గొడవ లేదు. అడుగు రాయి అయిన చోట పాతడం కుదరదు, పైన రాళ్లో కాంక్రీటు దిమ్మెలో కప్పుతారు. అక్కడ బోర్డు తగులుకుంటే వల పోతుంది, ఇంకా లాగితే బోటుకే ప్రమాదం. పోయిన వలకు, పోయిన వేటకు కలాసీలకు, యజమానికి పరిహారం ఎవరిస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు? ఇది మత్స్యశాఖ పని అని పక్కన పెట్టకండి. కేబుల్ ఖర్చులో అదొక భాగం, టారిఫ్ పిటిషన్‌లో ఒక వరుసగా ఉండాలి. చిన్న తెప్పలవాళ్లు ఒడ్డెక్కే చోట్లు జాలారిపేట, మంగమారిపేట, ముత్యాలమ్మపాలెం. అక్కడ కేబుల్ ఒడ్డెక్కుతుందంటే ముందు వాళ్లను అడగాలి.

ఒక మాట మా రాష్ట్రం గురించి కూడా చెప్పాలి. 2019లో ఇక్కడి ప్రభుత్వం అప్పటికే సంతకాలైన గాలి, సోలార్ ఒప్పందాల ధరలను తిరగదోడబోయింది. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందాలను నిలబెట్టింది. ఆ మూడేళ్లలో పోయిన నమ్మకం తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది. సముద్రపు కేబుళ్లు నలభై ఏళ్ల ఆస్తులు. ప్రభుత్వం మారినప్పుడల్లా వాటాలు తిరగదోడకుండా ఉండాలంటే, వాటాల పునఃసమీక్ష ఎప్పుడు, ఏ సూత్రం మీద జరుగుతుందో మొదటి రోజే రాసి ఉండాలి. ఐదేళ్లకొకసారి అయితే సమంజసమని నాకు అనిపిస్తుంది.

సాంకేతికంగా మనకు చేతకాని పని కాదిది. అస్సాంలోని బిశ్వనాథ్ చారియాలి నుంచి అలీపుర్‌దువార్ మీదుగా ఆగ్రా దాకా 800 కేవీ మల్టీ టెర్మినల్ (రెండుకు మించిన స్టేషన్లను కలిపే) డీసీ లైను నడుపుతున్న దేశం మనది. ఒడ్డుకు దూరం పెరిగేకొద్దీ ఏసీ కేబుల్ తన చార్జింగ్ కరెంటుకే (కేబుల్‌ను నింపడానికే పోయే కరెంటుకే) సామర్థ్యం పోగొట్టుకుంటుంది, డీసీకి పోక తప్పదు. డీసీ కన్వర్టర్ ఖరీదు 500 మెగావాట్లకు గిట్టుబాటు కాదు, కలిసి వేసుకుంటేనే గిట్టుతుంది. కలవాలంటే ఒక కంపెనీ కన్వర్టర్ ఇంకో కంపెనీ కన్వర్టర్‌తో పనిచేయాలి. వోల్టేజి, కంట్రోల్ పద్ధతుల ప్రమాణాలు ప్రాధికార సంస్థ ముందే ఖరారు చేయాలి. ఇది ఆలస్యమైతే మొదట కట్టిన కంపెనీ చెప్పిందే ప్రమాణం అవుతుంది.

కాబట్టి నా విన్నపం ఇది. సముద్రపు ఉమ్మడి ట్రాన్స్‌మిషన్ మీద ప్రత్యేక ముసాయిదా నిబంధన తయారుచేయండి. దాన్ని తెలుగులోనూ ప్రచురించండి, వాటాల పట్టికతో సహా. దాని మీద ఒక విచారణ విశాఖపట్నంలో పెట్టండి. తేదీ ఏప్రిల్ 15కి, జూన్ 14కి మధ్య ఉంటే మేలు. తూర్పు తీరంలో అప్పుడు వేట నిషేధం, మరపడవలన్నీ హార్బర్‌లోనే కట్టేసి ఉంటాయి, చెప్పాల్సినవాళ్లు ఊళ్లోనే ఉంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ట్రాన్స్‌మిషన్ ఇంజినీరు, విద్యుత్ వినియోగదారుడు,
గాజువాక, విశాఖపట్నం